లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాలు, నవల ఫ్యాన్స్ గొడవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమాలు ఇప్పుడే చూసినవాళ్లు, నవల ఇప్పుడే మొదలెట్టినవాళ్లు, ఇరవై ఏళ్లుగా కొట్లాడుకుంటున్న పాత కాపులు, అందరూ తిరిగి తిరిగి అవే డౌట్లు అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేశా. ఏ ప్రశ్న దగ్గర్నుంచైనా చదువుకోవచ్చు. కథ అస్సలు తెలీనివాళ్లకి ఒక్క ముక్క: టోల్కీన్ రాసిన ఈ నవల్లో, లోకాన్ని లొంగదీసుకోవాలని దుష్టుడు సౌరాన్ చేసిన ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పడేసి నాశనం చేయడానికి, షైర్ అనే ప్రాంతం నుంచి ఫ్రోడో, సామ్, మెర్రీ, పిప్పిన్ అనే హాబిట్లు (పొట్టి మనుషుల జాతి) బయల్దేరతారు, మంత్రగాడు గాండాల్ఫ్, రాజవంశ వారసుడు అరగార్న్, ఇంకొందరు తోడు వస్తారు, ఆ ఉంగరానికి బానిసైన గొల్లమ్ వెంటపడతాడు. కథ మొత్తం బయటపడిపోతుంది, స్పాయిలర్స్ వద్దనుకునేవాళ్లు ముందు చూసి రండి. అభిప్రాయాలు నావి, ఫ్యాన్స్ అందరివీ కావు, వాళ్లందరూ ఒప్పుకునే విషయం ఇంతవరకు పుట్టలేదు.

## సినిమాలు చూడకముందు

ముందు నవల చదవాలా, సినిమాలు చూడాలా?

సినిమాలే ముందు చూడండి అంటాను నేను, దీనికి చాలామంది నన్ను తిడతారు, తిట్టనీండి. నవల ముందు చదివేసినవాళ్లకి సినిమా నడుస్తున్నంతసేపూ ఇది లేదు, అది మార్చాడు, ఈ మాట వేరేవాడిది కదా అని బుర్రలో లెక్క ఆగదు, పక్కనోళ్లని కూడా చూడనివ్వరు. సినిమా ముందు చూసినవాళ్లకి ఆ బాధ లేదు, తర్వాత నవల తెరిస్తే కొత్త చోట్లు, కొత్త మనుషులు, కొత్త పాటలు దొరుకుతాయి. నష్టం ఒకటుంది లేండి, ఒకసారి సినిమా చూశాక ఫ్రోడో అంటే ఎలైజా వుడ్ మొహమే వస్తుంది, నవల్లో ఫ్రోడో ఇల్లు వదిలి బయల్దేరేసరికి వయసు 50 అని కళ్లారా చదివినా ఆ కుర్ర మొహం పోదు.

ఇంత పెద్ద కథని మూడు సినిమాల్లోనే ఎందుకు కుక్కారు?

మూడు రావడమే గొప్ప. మొదట ప్రాజెక్ట్ మిరామాక్స్ దగ్గరుండేది, డైరెక్టర్ పీటర్ జాక్సన్ రెండు సినిమాలుగా ప్లాన్ చేసుకున్నాడు, ఖర్చు చూసి వాళ్లు బెదిరిపోయి మొత్తం ఒక్క సినిమాలో చెప్పెయ్ అన్నారు. అతను ఒప్పుకోక వేరే స్టూడియో వెతుక్కుంటూ న్యూ లైన్‌కి వెళ్తే అక్కడి పెద్ద రాబర్ట్ షే, నవల మూడు భాగాలు కదా, మరి మూడు సినిమాలు ఎందుకు కాకూడదు అని ఎదురడిగాడు. న్యూజిలాండ్‌లో 1999 అక్టోబర్ నుంచి 2000 డిసెంబర్ దాకా మూడూ కలిపే షూట్ చేశారు, ఆ తర్వాత కూడా మధ్య మధ్యలో కొన్ని సీన్లు తీసుకున్నారు, 2001, 2002, 2003 డిసెంబర్లలో ఒక్కోటీ వదిలారు. థియేటర్ వెర్షన్లు కలిపితే 9 గంటల పైనే. 1954, 1955లో వచ్చిన వెయ్యి పేజీల నవలకి అది కూడా చాలదు అనేవాళ్లున్నారు, నిజమే చాలదు, కానీ ఆ ఒక్క సినిమా ప్లాన్ గట్టెక్కి ఉంటే ఇవాళ మనం గొడవ పడటానికి కూడా ఏమీ మిగిలేది కాదు.

రిలీజ్‌కి ముందే ఫ్యాన్స్ అంత కంగారు పడ్డారంట, ఎందుకు?

కంగారుకి కారణం ఉంది. 1978లో రాల్ఫ్ బక్షీ తీసిన యానిమేషన్ సినిమా కథ సగంలో, హెల్మ్స్ డీప్ కోట యుద్ధం దాకా వచ్చి ఆగిపోయింది, రెండో భాగం అతను తీయనేలేదు. అప్పట్నుంచీ ఈ నవల సినిమాకి లొంగదు అనే మాట స్థిరపడిపోయింది. పైగా జాక్సన్ అంతకుముందు తీసినవాటిలో తక్కువ ఖర్చు హారర్ సినిమాలు ఎక్కువ, ఇతనికి ఇంత బరువైన కథ ఇచ్చారేంటి అన్నారు. ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులు కదా, షూటింగ్ గురించి ఏ చిన్న ముక్క బయటికొచ్చినా దాని చుట్టూ పెద్ద పంచాయితీ. 2000 ఏప్రిల్‌లో మొదటి వీడియో నెట్‌లో పెడితే ఒక్కరోజులో 17 లక్షల డౌన్‌లోడ్లు అయ్యాయి, అది కూడా ఆనాటి స్లో కనెక్షన్ల మీద. తిట్టినవాళ్లే గంటల తరబడి కూర్చుని దింపుకున్నారు.

ఫ్యాన్స్ కోపం అసలు దేని మీద? తీసేసినందుకా, మార్చినందుకా?

రెండిటి మీదా అనుకుంటారు గానీ ఇన్నేళ్ల గొడవల్ని పట్టి చూస్తే తీసేసినవాటి మీద కోపం మెల్లగా చల్లారింది, మార్చినవాటి మీద కోపం ఇంకా అలాగే ఉంది. అందులోనూ సంఘటన మారిస్తే సర్దుకుంటారు, మనిషి గుణం మారిస్తే సర్దుకోరు. ఒక చాప్టర్ లేదు అంటే పోనీ పుస్తకంలో ఉందిగా అనుకుని అక్కడికెళ్లి చదువుకుంటారు. అదే నవల్లో తొణకని మనిషిని తెర మీద ఊగిసలాడేవాడిగా చూపిస్తే, కోట్ల మంది కళ్లల్లో అతను ఇక అలాంటివాడే అయిపోతాడు, అది ఫ్యాన్ తట్టుకోలేడు. నేను చూసినంతలో ఏ కంప్లయింట్ ఎన్నాళ్లు బతుకుతుందో ఈ తేడాని బట్టి ముందే చెప్పెయ్యొచ్చు.

టోల్కీన్ బతికుంటే ఈ సినిమాలకి ఏమనేవారు?

ఆయన 1973లో పోయారు, కాబట్టి ఈ మూడింటి గురించి ఎవరేం చెప్పినా ఊహే. కానీ అసలు సినిమా అనేదాని గురించి ఆయన ఏమనుకున్నారో మాత్రం కాగితం మీద ఉంది. 1950ల చివర్లో ఒక అమెరికన్ బృందం సినిమా తీస్తామని కథని కుదించి రాసి పంపింది, ఆయన దాన్ని లైన్ లైన్‌కీ చీల్చి చెండాడుతూ పెద్ద ఉత్తరమే రాశారు. అందులో నాకు బాగా నచ్చే పాయింట్ ఏంటంటే, ఆయన తీసేయొద్దు అని పట్టుబట్టలేదు. నదీదేవత లాంటి గోల్డ్‌బెర్రీని అర్థం పర్థం లేకుండా చూపించేకంటే పూర్తిగా లేపేయడమే మేలన్నారు. నడిచే చెట్ల కథ, హెల్మ్స్ డీప్ కోట యుద్ధం, రెండూ సరిగా చూపించే టైమ్ లేకపోతే కోట యుద్ధాన్నే తీసేయండి, అసలు కథకి అది అంత ముఖ్యం కాదు అన్నారు. అదే యుద్ధం జాక్సన్ రెండో సినిమాకి క్లైమాక్స్ అయి కూర్చుంది, తమాషా చూడండి. డబ్బు దగ్గర కూడా ఆయన పాలసీ క్లియర్, ఉంటే భారీగా డబ్బైనా ఉండాలి, లేదంటే నచ్చని మార్పుల్ని కొట్టేసే అధికారమైనా ఉండాలి. 1969లో హక్కులు యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కి అమ్మేశారు.

## మొదటి సినిమా చూశాక

టామ్ బాంబడిల్‌ని ఎందుకు లేపేశారు?

ఉంగరం కథ అతని వల్ల ఒక్క అడుగు కూడా ముందుకి పోదు అన్నది జాక్సన్ వాదన, సినిమా లెక్కలో అది నిజమే. షైర్ వదిలిన హాబిట్లు అడవిలో ఇరుక్కుంటే పసుపు బూట్లేసుకుని పాటలు పాడుకుంటూ వచ్చి కాపాడతాడు, ఉంగరం వేలికి పెట్టుకున్నా మాయం కాడు, అసలు ఎవరో చివరిదాకా తెలీదు. రెండో సీన్‌లో ఉంగరం అంటే ప్రపంచమే వణకాలి అని చెప్పి, ఐదో సీన్‌లో దాంతో ఆడుకునేవాణ్ణి చూపిస్తే భయం మొత్తం దిగిపోతుంది.

అయితే అతనితోపాటు ఇంకోటి కూడా పోయింది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఆ అడవి దాటాక పాత సమాధుల దిబ్బల్లో హాబిట్లకి పురాతన కత్తులు దొరుకుతాయి, ఒకప్పుడు సౌరాన్ సేనాపతి విచ్ కింగ్ మీద పోరాడిన రాజ్యంవాళ్లు చేసిన కత్తులు అవి. నవల చివర్లో మెర్రీ సరిగ్గా అదే కత్తితో విచ్ కింగ్‌ని పొడుస్తాడు, అందుకే వాడి మంత్రం విరిగిపోతుంది. సినిమాలో అరగార్న్ మూట విప్పి తలా ఒక కత్తి పంచేస్తాడు, అయిపోయింది. బాంబడిల్ లేకపోయినా నాకు నొప్పి లేదు, ఆ కత్తి కథ పోవడం మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆర్వెన్‌ని యాక్షన్ హీరోయిన్ చేశారెందుకు? నవల్లో ఆమె ఎక్కడుంది?

ఎల్ఫ్‌ల (ముసలితనం లేని జాతి) నాయకుడు ఎల్రాండ్ కూతురు ఆర్వెన్ నవల్లో దాదాపు ఉండదు, అరగార్న్‌తో ఆమె ప్రేమకథ చివర్లో ఇచ్చిన అనుబంధాల్లో ఉంటుంది. నది ఒడ్డున ఫ్రోడోని కాపాడేది గ్లోర్‌ఫిండెల్ అనే ఎల్ఫ్ వీరుడు, ఆ పని సినిమాలో ఆర్వెన్‌కిచ్చారు. మళ్లీ ఎక్కడా కనబడని ఒక కొత్త మొహానికి అంత మంచి సీన్ ఇవ్వడంకంటే ఇది తెలివైన పనే. ఇంకా పెద్ద ప్లాన్ కూడా ఉండేది, ఆమె హెల్మ్స్ డీప్‌కి వచ్చి కత్తి పట్టి యుద్ధం చేసే సీన్లు షూట్ కూడా చేశారు, ఆ సంగతి బయటికి పొక్కగానే ఫ్యాన్స్ భగ్గుమన్నారు, రైటర్లు కూడా ఆలోచన మార్చుకుని ఆమెని యుద్ధంలోంచి తీసేసి అనుబంధంలో ఉన్న ప్రేమకథ వైపు తిప్పారు. ఫ్యాన్స్ అరుపుల వల్ల మంచి జరిగిన సందర్భాలు తక్కువ, ఇది ఆ తక్కువలో ఒకటి.

నవల్లో అరగార్న్ రాజు కావడానికి ఇంత వెనకాడతాడా?

వెనకాడడు. విరిగిన కత్తిని ఎప్పుడూ వెంటే మోసుకు తిరుగుతాడు, నేను ఫలానావాడి వారసుణ్ణి అని నిండు సభలో చెప్తాడు, బృందం బయల్దేరకముందే ఆ కత్తిని అతికించి ఇస్తారు. సినిమాలో నా రక్తంలోనే బలహీనత ఉంది అని తప్పించుకుంటూ తిరుగుతాడు, కత్తి మూడో సినిమాలో గానీ చేతికి రాదు. మూడు సినిమాలు మోయాల్సిన హీరో మొదటి రోజే రెడీగా ఉంటే చూసేవాడికి ఆసక్తి ఏముంటుంది అన్నది రైటర్ల లెక్క. ఇది కూడా గుణం మార్చడమే, అయినా తిట్లు తక్కువ పడ్డాయి. నా లెక్కలో కారణం ఆ పాత్ర చేసిన విగ్గో మార్టెన్‌సెన్, అతను వెనకాడుతున్నప్పుడు కూడా పిరికివాడిలా కనబడడు, బరువు తెలిసినవాడిలా కనబడతాడు.

బోరమిర్ విషయంలో మాత్రం ఎవరూ తిట్టరేంటి?

ఎందుకంటే అక్కడ సినిమా నవలకంటే బాగా చేసింది, కరడుగట్టిన నవల ఫ్యాన్స్ కూడా గొణుక్కుంటూనైనా ఒప్పుకునే చోటు ఇది. బోరమిర్ బృందంలో ఒకడు, ఉంగరానికి ఆశపడి ఫ్రోడో మీద పడతాడు, తర్వాత మెర్రీ, పిప్పిన్‌లని కాపాడబోయి చస్తాడు. నవల్లో అతని చివరి పోరాటం మనకి కనబడదు, రెండో భాగం మొదట్లో అరగార్న్ పరిగెత్తుకొచ్చేసరికే ఒంటి నిండా బాణాలతో చెట్టుకి ఆనుకుని ఉంటాడు, రెండు మాటలు చెప్పి పోతాడు. జాక్సన్ దాన్ని మొదటి సినిమా చివరికి తెచ్చి, బాణం తర్వాత బాణం తగులుతుంటే అతను మళ్లీ మళ్లీ లేవడం మొత్తం చూపించాడు. ముందు సీన్లలో మెర్రీ, పిప్పిన్‌లకి కత్తి నేర్పిస్తూ నవ్వుకునే చిన్న ముక్క కూడా పెట్టాడు కాబట్టి వాళ్ల కోసం చచ్చిపోతుంటే మనకి తగులుతుంది. మార్పే కదా ఇది, కానీ బోరమిర్ అనే మనిషి మారలేదు, ఇంకా బాగా కనబడ్డాడు, అంతే తేడా.

బాల్‌రాగ్‌కి రెక్కలున్నాయా లేవా?

మోరియా గనుల్లో గాండాల్ఫ్‌తో తలపడే నిప్పుల రాక్షసి ఇది. సినిమాలో ఉన్నాయి. నవల్లో ఒక చోట దాని చుట్టూ నీడ రెండు పెద్ద రెక్కల్లా పరుచుకుంది అని, కాసేపటికి దాని రెక్కలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా విచ్చుకున్నాయి అని ఉంటుంది. మొదటి వాక్యం పట్టుకున్నవాళ్లు లేవంటారు, రెండోది పట్టుకున్నవాళ్లు ఉన్నాయంటారు. ఉంటే మరి అగాధంలో పడినప్పుడు ఎగరలేదేం అని ఇంకొకడు లేస్తాడు. దయచేసి దీన్ని ఇక్కడితో వదిలేయండి.

ఫిగ్విట్ అంటే ఎవరు, నవల్లో ఎక్కడా లేడే?

నవల్లో లేడు, ఫ్యాన్స్ పుట్టించారు. మొదటి సినిమాలో ఎల్రాండ్ పెట్టిన సభలో వెనకాల ఒక ఎల్ఫ్ ఊరికే కూర్చుని ఉంటాడు, డైలాగ్ లేదు, కొన్ని క్షణాలే, ఆ నటుడు న్యూజిలాండ్‌కి చెందిన బ్రెట్ మెకెంజీ. ఫ్రోడో ఎంత గొప్పోడో అనుకుంటుండగానే చూపు ఆ వెనకాల అందగాడి మీద పడి ఎవరబ్బా ఇతను అన్నారంట, ఆ ఇంగ్లీష్ మాటల మొదటి అక్షరాలు కలిపి పేరు పెట్టేశారు. గోల ఎంత పెరిగిందంటే మూడో సినిమాలో అతన్ని మళ్లీ పిలిచి ఆర్వెన్ పక్కన ఒకటి రెండు డైలాగులిచ్చారు. ఫ్యాన్స్ అంటే తిట్టేవాళ్లే అనుకునేవాళ్లకి ఈ కథ చెప్పండి.

## రెండో సినిమా చూశాక

ఫారమిర్‌ని ఎందుకంత పాడు చేశారు?

నవల్లో ఫారమిర్ ఎవరో ముందు చెప్పాలి. బోరమిర్ తమ్ముడు, యుద్ధంలో ఉన్నా యుద్ధాన్ని ప్రేమించనివాడు, పుస్తకాలు చదివినవాడు. ఉంగరం ఫ్రోడో దగ్గరుందని తెలిశాక కూడా, అది దారిలో పడి దొరికినా నేను తీసుకోను అని ముందే అన్నమాట మీద నిలబడి, తిండి పెట్టి, చేతికర్రలిచ్చి పంపిస్తాడు. అన్న పడిపోయిన చోట తమ్ముడు నిలబడ్డాడు, ఆ చాప్టర్ బలం అదే. టోల్కీన్ తన పాత్రల్లో తనకి కాస్త పోలిక ఉన్నవాడు ఫారమిరే అని ఒక ఉత్తరంలో రాసుకున్నారు, కాకపోతే నా పాత్రలందరికీ ఉన్న ధైర్యం నాకు లేదు అని కూడా అన్నారు.

సినిమాలో అతను ఉంగరాన్ని తండ్రికి పంపాలని ఫ్రోడోని కట్టి ఆస్గిలియత్ అనే శిథిల నగరం దాకా లాక్కెళ్తాడు, అక్కడ మనసు మార్చుకుని వదిలేస్తాడు. రైటర్లు ఫ్రాన్ వాల్ష్, ఫిలిప్పా బోయెన్స్, జాక్సన్ చెప్పిన కారణాలు రెండు. ఉంగరం ఎంతటివాణ్ణైనా లాగుతుంది అని రెండు సినిమాలుగా చెప్తూ వచ్చి, ఒకడు చూసి నాకొద్దు అనేస్తే ఆ భయం మొత్తం కూలిపోతుంది అన్నది ఒకటి. సాలీడు షీలాబ్ ఘట్టాన్ని మూడో సినిమాకి జరిపేశారు కాబట్టి రెండో సినిమా చివర్లో ఫ్రోడో వైపు కథకి ఏదో ఒక గండం కావాల్సి వచ్చింది అన్నది రెండోది.

రెండో కారణం నేను ఒప్పుకుంటాను. మొదటిది ఒప్పుకోను, ఎందుకంటే సినిమాలోనే గాండాల్ఫ్ వద్దన్నాడు, ఎల్ఫ్‌ల దొరసాని గలాడ్రియెల్ తనకొచ్చిన పరీక్ష గెలిచింది, అరగార్న్ ఫ్రోడో వేళ్లు మూసేసి వెళ్లిపో అన్నాడు, మరి వాళ్ల వల్ల కూలని భయం ఫారమిర్ వల్ల కూలుతుందా? ఎక్స్‌టెండెడ్ వెర్షన్‌లో (సీన్లు కలిపి తర్వాత వదిలిన పొడుగు వెర్షన్) అన్నదమ్ములు, తండ్రి డెనెథోర్ కలిసున్న ఫ్లాష్‌బ్యాక్ ఒకటుంది, తండ్రి మెప్పు కోసం ఎంత ఆకలిగా ఉన్నాడో అందులో తెలుస్తుంది, అది చూశాక సినిమా ఫారమిర్ మీద జాలి కలుగుతుంది, డేవిడ్ వెన్‌హామ్ కూడా బాగా చేశాడు. కానీ ఆ జాలి వేరే మనిషి మీద. నవల్లో ఫారమిర్ మాత్రం తెర మీదికి రాలేదు.

హెల్మ్స్ డీప్‌కి ఎల్ఫ్‌లు రావడం నవల్లో ఉందా?

లేదు, నవల్లో ఆ కోటలో ఉన్న ఎల్ఫ్ లెగొలాస్ ఒక్కడే. సినిమాలో హాల్డిర్ అనే ఎల్ఫ్ తన సైన్యంతో కవాతు చేస్తూ వస్తాడు, అక్కడే చచ్చిపోతాడు కూడా, నవల్లో అతని చావు ప్రస్తావనే లేదు. మనుషులు ఒంటరిగా నిలబడటంలోనే ఆ యుద్ధం విలువుంది అనేవాళ్లు దీన్ని తిడతారు. నవల్లో ఎల్ఫ్‌లు ఆ టైమ్‌లో ఉత్తరాన వేరే యుద్ధాలు చేస్తూ ఉంటారు, సినిమాలో అదంతా చెప్పే వీల్లేదు, చెప్పకపోతే ఎల్ఫ్‌లు ఊరికే కూర్చున్నట్టుంటుంది కాబట్టి ఇలా సర్దారు అని నాకనిపిస్తుంది. థియేటర్‌లో ఆ కొమ్ము ఊదిన శబ్దానికి ఒళ్లు జలదరించినవాళ్లు ఇంటికొచ్చి తిట్టారు, ఇది మాత్రం నిజం.

గిమ్లీని జోకర్ చేశారు, ఎవరికీ కోపం రాలేదా?

వచ్చింది, బాగానే వచ్చింది. నవల్లో గిమ్లీ గంభీరంగా ఉంటాడు, మెరిసే గుహల గురించి అతను మాట్లాడే మాటలు నవల్లోనే అందమైన పేజీల్లో ఒకటి. సినిమాలో గుర్రం మీంచి పడటం, పొట్టిగా ఉండటం, తేన్పులు. ఉన్న ఒక్క మరుగుజ్జు వీరుడితో నవ్వించే పని మొత్తం చేయించడం బద్ధకం.

గొల్లమ్ గురించి మాత్రం ఒక్క కంప్లయింట్ కూడా వినలేదు, నిజమేనా?

దాదాపు నిజమే. ఆండీ సెర్కిస్ ఒంటి కదలికలు, గొంతు పట్టుకుని కంప్యూటర్‌లో బొమ్మ కట్టారు, 2002లో అది ఎవరూ చూడనిది. తనతో తనే మాట్లాడుకుంటూ ఒక కోణంలో మంచివాడు, ఇంకో కోణంలో చెడ్డవాడుగా కనబడే సీన్ చూడండి, నవల్లో ఆ సంభాషణ సామ్ నిద్ర నటిస్తూ వింటాడు, జాక్సన్‌వాళ్లు దాన్ని కెమెరా కోణాలు మార్చడంతోనే తేల్చేశారు.

## మూడో సినిమా చూశాక

ఫ్రోడో సామ్‌ని ఇంటికి పొమ్మనడం నవల్లో ఉందా?

లేదు. మెట్ల దగ్గర గొల్లమ్ రొట్టె పారేసి పొడి సామ్ మీద చల్లడం, ఫ్రోడో నమ్మేసి వెళ్లిపో అనడం, మొత్తం సినిమా కల్పన. నవల్లో ఇద్దరూ కలిసే షీలాబ్ గుహలోకి వెళ్తారు. ఫారమిర్ తర్వాత ఎక్కువ తిట్లు దీనికే పడ్డాయి, న్యాయంగానే పడ్డాయి. ఉంగరం ఫ్రోడో బుర్రని తినేస్తోంది అని చూపించాలనుకున్నారు సరే, కానీ సామ్ నిజంగా వెనక్కి తిరిగి మెట్లు దిగుతాడా? ఆ మనిషిని కొట్టి తరిమినా పోడు, కింద రొట్టె ముక్కలు కనబడి గొల్లమ్ మోసం బయటపడితే గానీ వెనక్కి రాలేదు అంటే అసలు సామ్‌ని అర్థం చేసుకోలేదన్నట్టు. సామ్‌గా చేసిన షాన్ ఆస్టిన్ ఏడుపు చూసి మనమూ ఏడుస్తాం, అది వేరే సంగతి.

థియేటర్ వెర్షన్‌లో సారుమాన్ ఏమైపోయాడు?

ఏమీ అవ్వలేదు, బురుజులో బందీగా ఉన్నాడు అని ఒక మాట అనేసి వదిలేశారు. రెండు సినిమాలు భయపెట్టిన ఆ దుష్ట మంత్రగాణ్ణి అలా వదిలేస్తే నవల చదవనివాళ్లు కూడా ఇదేంటి అన్నారు. ఆ పాత్ర చేసిన క్రిస్టఫర్ లీ ఈ నవలని ఏటా మళ్లీ చదివిన మనిషి, ఆ నటుల్లో టోల్కీన్‌ని నిజంగా కలిసింది ఆయనొక్కడే, తన సీన్లు కోసేశారని తెలిసి ప్రీమియర్‌కి కూడా వెళ్లలేదు. ఎక్స్‌టెండెడ్ వెర్షన్‌లో ఆ సీన్ ఉంది, బురుజు పైన అతని నౌకరు వార్మ్‌టంగ్ వెన్నుపోటు పొడిస్తే కింద పడి చస్తాడు. నవల్లో చంపేది అతనే గానీ చోటు వేరు, షైర్‌లో ఫ్రోడో ఇంటి గుమ్మం ముందు.

క్లైమాక్స్ అయిపోయాక కూడా సినిమా అరగంట ఎందుకు నడుస్తుంది?

ఇక్కడ రెండు గుంపులు ఒకే సినిమాని పూర్తి ఉల్టాగా తిట్టాయి. నవల చదవనివాళ్లు, అయిపోయింది అనుకుని లేస్తుంటే మళ్లీ ఇంకో సీన్ మళ్లీ ఇంకో సీన్ ఎన్నిసార్లు ముగిస్తావురా బాబూ అన్నారు. నవల చదివినవాళ్లు ఇంతేనా అన్నారు, ఎందుకంటే నవల్లో ఉంగరం కరిగిపోయాక ఇంకా 6 చాప్టర్లుంటాయి. అందులో ముఖ్యమైనది హాబిట్లు తిరిగొచ్చేసరికి షైర్‌నే దుండగులు ఆక్రమించి చెట్లు నరికేసి ఉండటం, ఈసారి ఏ మంత్రగాడూ రాకుండా వాళ్లే సొంతూరుని విడిపించుకోవడం. సినిమాలో అదంతా లేదు, మొదటి సినిమాలో గలాడ్రియెల్ అద్దంలో తగలబడుతున్న షైర్ ఒక్క క్షణం కనబడుతుంది, అంతే.

సినిమాగా అది పెట్టలేరు, నేనూ ఒప్పుకుంటా, సౌరాన్ కూలాక ఇంకో గంట ఊరి గొడవ ఎవరు చూస్తారు? కానీ యుద్ధం దూరంగా ఎక్కడో జరిగి ఊరు ఎలా ఉన్నది అలాగే ఉంది అనే భావన నవలకి పూర్తిగా వ్యతిరేకం. సినిమాలో నలుగురూ కల్లు దుకాణంలో మాట్లాడకుండా కూర్చుని గ్లాసులు తగిలించుకుంటారే, చుట్టూ ఉన్న జనానికి వీళ్లేం చూసొచ్చారో ఏమీ తెలీదు, ఆ చాప్టర్ లోటు కొంత తీర్చేది అదొక్కటే.

గద్దల మీద ఎగిరెళ్లి ఉంగరం పడేసి రావొచ్చుగా?

అడగని మనిషి లేడు. ఉంగరం ప్రయాణం మొత్తం దొంగచాటుగా జరగాల్సింది, సౌరాన్ కన్ను ఆకాశం మీదే ఉంటుంది, అతని దగ్గర ఎగిరే మృగాల మీద తిరిగే నాజ్‌గుల్ అనే సేవకులున్నారు, చివర్లో ఫ్రోడో, సామ్‌లని తేవడానికి గద్దలు వెళ్లగలిగింది సౌరాన్ పడిపోయాకే. పైగా అవి ఎవరి వాహనాలూ కావు, వాటికి వాటి రాజున్నాడు. 1950ల చివర్లో వచ్చిన సినిమా రాతప్రతిలో గద్దల్ని తెగ వాడేస్తే టోల్కీనే అడ్డుపడ్డారు, అవి ప్రమాదకరమైన యంత్రం లాంటివి, నేనే పొదుపుగా వాడాను అన్నారు.

దయ్యాల సైన్యం మీద కంప్లయింట్ ఏంటి?

రాజుకిచ్చిన మాట తప్పి శాపం తగిలినవాళ్లు ఈ దయ్యాలు, అరగార్న్ పిలిస్తే వస్తారు. నవల్లో వాళ్లు పెలార్గిర్ రేవు దగ్గర ఓడల దొంగల్ని భయపెట్టి తరిమేస్తారు, అక్కడితో వాళ్ల బాకీ తీరి వెళ్లిపోతారు. ఆ ఓడలెక్కి ముట్టడిలో ఉన్న మినాస్ టిరిత్ నగరానికి వచ్చేది దక్షిణాది నుంచి వచ్చిన మామూలు మనుషులు. సినిమాలో పచ్చటి దయ్యాలే వచ్చి రెండు నిమిషాల్లో మైదానం ఊడ్చేస్తాయి. అప్పటిదాకా సాయానికొచ్చిన రోహాన్ రాజ్యం గుర్రాలవాళ్లు చచ్చిందంతా దండగా అనిపిస్తుంది. నాకు మూడు సినిమాల్లో నిజంగా బద్ధకంగా రాశారు అనిపించే చోటు ఇది.

కొండ లోపల చివరి ఘట్టం మార్చారంట, ఏంటి తేడా?

రెండిట్లోనూ ఫ్రోడో ఓడిపోతాడు, ఉంగరం నాదే అంటాడు, గొల్లమ్ వేలు కొరికి లాక్కుంటాడు. నవల్లో ఆ తర్వాత గొల్లమ్ ఆనందంతో గంతులేస్తూ అంచు చూసుకోక తనే పడిపోతాడు. సినిమాలో ఫ్రోడో మళ్లీ మీదపడి పెనుగులాడితే ఇద్దరూ జారతారు. చిన్న తేడాలా ఉంది కదా, కాదు. హాబిట్లు ముందెప్పుడో గొల్లమ్‌ని చంపకుండా జాలిపడి వదిలేశారు కాబట్టే చివర్లో లోకం బతికింది, ఎవరి బలమూ కాదు అన్నది నవల. పెనుగులాట పెట్టేసరికి మళ్లీ అది బలం కథ అయింది. గాండాల్ఫ్ జాలి గురించి చెప్పే మాటల్ని మోరియా గనుల్లోకి మార్చి మరీ దాచుకున్న టీమ్, ఆ మాటలకి ఫలితం రావాల్సిన చోట తడబడ్డారు.

## మూడూ అయిపోయాక

ఎక్స్‌టెండెడ్ వెర్షన్లే చూడాలా?

మొదటిసారి చూసేవాళ్లు థియేటర్ వెర్షన్లే చూడండి, నచ్చితే రెండోసారి పెద్దవి. మొదటిదానికి అరగంట, రెండోదానికి ముప్పావు గంటకి కాస్త తక్కువ, మూడోదానికి 50 నిమిషాల దాకా కలిసింది, వెరసి 11 గంటల పైనే. ఎల్ఫ్‌ల అడవి లోత్లోరియెన్‌లో బహుమతులు, అన్నదమ్ముల ఫ్లాష్‌బ్యాక్, సారుమాన్ చావు కోసం తప్పక చూడాలి. అన్నీ బాగున్నాయని కాదు, విచ్ కింగ్ గాండాల్ఫ్ కర్ర విరిచేసే సీన్ నవల్లో లేదు, రాయబారిగా వచ్చిన సౌరాన్ నోటి మనిషి తలని అరగార్న్ నరకడం అయితే రాజు చేసే పనేనా అని ఇప్పటికీ గొడవే. చివర్లో నిమిషాల తరబడి పేర్లు పోతుంటే కంగారు పడకండి, అవి ఫ్యాన్ క్లబ్ సభ్యుల పేర్లు.

ఇన్ని తప్పులుంటే ఆస్కార్లు ఎలా వచ్చాయి?

ఆస్కార్ నవలతో పోల్చి ఇవ్వరు కదా. మొదటిదానికి 4, రెండోదానికి 2, మూడోది నామినేట్ అయిన 11కి 11 గెలిచింది. ఫ్యాన్స్ తిట్టింది స్క్రిప్ట్‌ని, ఆ లోకం కనబడిన తీరుని ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే ఏళ్లుగా ఈ నవలకి బొమ్మలేస్తున్న అలన్ లీ, జాన్ హోవ్‌లనే పిలిచి డిజైన్ చేయించారు. హవార్డ్ షోర్ మ్యూజిక్ గురించి అయితే రెండు గుంపులూ ఒక్కటే మాట.

టోల్కీన్ కొడుకు ఈ సినిమాలని తిట్టారంట, నిజమా?

నిజం. క్రిస్టఫర్ టోల్కీన్ తండ్రి రాతప్రతుల్ని జీవితమంతా సరిచేసి అచ్చువేసిన మనిషి, 2012లో ఫ్రెంచ్ పత్రిక ల మోండ్‌కి ఇచ్చిన ఇంటర్వ్యూలో పుస్తకం పేగులు తీసేసి కుర్రాళ్ల కోసం యాక్షన్ సినిమా చేశారు అన్నట్టు మాట్లాడారు. ఆయన మాటే ఫైనల్ అనేవాళ్లున్నారు. ఆయన బాధ నాకర్థమవుతుంది, తీర్పు మాత్రం ఒప్పుకోను. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు, ఘటోత్కచుడి ఆ అల్లరంతా తర్వాతివాళ్లు కల్పించిందే, అయినా ఘటోత్కచుడు ఘటోత్కచుడిలాగే ఉన్నాడు కాబట్టి మనకి పేచీ లేదు. ఆ కొలతతో చూస్తే ఈ సినిమాల్లో సామ్, గాండాల్ఫ్, బోరమిర్, గొల్లమ్ చాలావరకు నిలబడ్డారు, ఫారమిర్ పడ్డాడు.

హాబిట్ సినిమాల మీద మాత్రం ఎందుకంత కోపం?

ఇక్కడ కంప్లయింట్ తిరగబడింది. అక్కడ కోశారని ఏడుపు, ఇక్కడ సాగదీశారని. హాబిట్ అంటే ఈ కథకి ముందు జరిగే కథ, 1937లో పిల్లల కోసం వచ్చిన చిన్న పుస్తకం, మొదట రెండు సినిమాలన్నారు, 2012లో మూడు చేశారు, మొత్తం 8 గంటలకి కొంచెం తక్కువ. పుస్తకంలో లేని లెగొలాస్ వచ్చాడు, అసలు ఎక్కడా లేని టారియెల్ వచ్చి మరుగుజ్జుతో ప్రేమలో పడింది. సెకనుకి 48 ఫ్రేముల్లో చూపిస్తే చాలామందికి టీవీ సీరియల్ సెట్‌లా కనబడింది. అయినా హీరో బిల్బోగా చేసిన మార్టిన్ ఫ్రీమన్‌ని ఎవరూ ఏమీ అనలేదు, చీకట్లో గొల్లమ్‌తో పొడుపు కథల సీన్‌ని మెచ్చుకోనివాణ్ణి నేనింకా చూడలేదు.

సినిమాలు చూసి నవల మొదలెట్టా, వంద పేజీలకే ఆగిపోయా, ఏం చెయ్యాలి?

చాలామంది ఆగేది అక్కడే. సినిమాలో ఫ్రోడో వెంటనే బయల్దేరినట్టుంటుంది, నవల్లో బిల్బో ఉంగరాన్ని ఫ్రోడోకి వదిలి వెళ్లే విందుకీ ఫ్రోడో ప్రయాణానికీ మధ్య 17 ఏళ్లు, ఆ నిదానం పేజీల్లో కూడా తెలుస్తుంది. పాటలు దాటేయండి, ఎవరూ అడగరు. అడవి, బాంబడిల్ చాప్టర్లు బరువనిపిస్తే పైపైన చదివి సమాధుల దిబ్బల దగ్గర మాత్రం ఆగి చదవండి, మెర్రీ కత్తి అక్కడిదే. ఎల్రాండ్ సభ చాప్టర్ పొడుగ్గా ఉంటుంది, అందరూ కూర్చుని మాట్లాడుతూనే ఉంటారు, అది ఒక్కటి ఓపిక పట్టి పూర్తిగా చదివితే ఆ తర్వాత మోరియా దాకా పుస్తకం కింద పెట్టరు.